చెక్కతో కట్టినంత మాత్రాన

సిమెంటు పాపం, చెక్క పుణ్యం. కృష్ణా డెల్టాలో స్థలాలు అమ్మేవాళ్లకీ, రిసార్టులు కట్టేవాళ్లకీ, శని ఆదివారాలు గడపడానికి నీటి ఒడ్డున ఒక గూడు కావాలనుకునే హైదరాబాదు, విజయవాడ ఉద్యోగులకీ ఈ మధ్య బాగా వంటబట్టిన సూత్రం ఇది. నాలుగు గుంజలు పాతి, వాటి మీద పైన్ చెక్కల గోడలు నిలిపి, నీళ్ల వైపు నిలువెత్తు అద్దం బిగించి, కప్పు మీద రెండు సోలార్ పలకలు పెడితే పర్యావరణానికి మేలు చేసినట్టేనని నమ్మేస్తున్నారు. గుడివాడ చుట్టుపక్కల చేపల చెరువు గట్టు కానీ, నాగాయలంక దగ్గర కృష్ణ ఒడ్డు కానీ, బందరు పక్కన మంగినపూడి తీరం కానీ, నీళ్లు కనబడితే చాలు, అక్కడ ఒక చెక్క క్యాబిన్‌ని ఊహించుకోవడం అలవాటైపోయింది. బొమ్మ బాగుంటుంది కాబట్టి అడ్డు చెప్పేవాళ్లు లేరు.

నేను అడ్డు చెబుతున్నాను. కర్ర మీద నాకు కోపం లేదు. కర్ర మంచి సరుకు. తెలిసినవాడి చేతిలో పడితే మూడు తరాలు నిలుస్తుంది. నా తగాదా ఆ సూత్రంతో. డెల్టాలో ఒక ఇల్లు ప్రకృతికి మేలు చేస్తుందా కీడు చేస్తుందా అన్నది గోడ దేంతో కట్టారో చూస్తే తేలదు. అది నీటికి ఎంత దూరంలో ఉంది, ఎంత మెరక మీద ఉంది, దాని మురుగు ఎక్కడికి పోతుంది, గాలివాన వచ్చిన రోజు ఏమవుతుంది, పాడైతే బాగుచేసేవాడు ఊళ్లో ఉన్నాడా? తేల్చేవి ఈ ప్రశ్నలే. వీటికి జవాబు లేని చెక్క ఇల్లు, జవాబు ఉన్న సిమెంటు ఇంటికంటే చెడ్డది.

ముందు నీళ్ల సంగతి చూద్దాం. క్యాబిన్ బొమ్మలో కనబడే సరస్సు మన దగ్గర ఎక్కడుంది? కొండల మధ్య, ఎవరికీ చెందనట్టు నిశ్చలంగా పడి ఉండే నీళ్లు దిగువ డెల్టాలో లేవు. ఇక్కడ ప్రతి నీటి చుక్కకీ ఒక పని ఉంది. ఊరి మంచినీళ్ల చెరువునే తీసుకోండి. వేసవిలో కాలువలు కట్టేస్తారు. కట్టేసే ముందు చెరువులు నింపుకుంటారు. మళ్లీ కాలువకి నీళ్లొచ్చేదాకా బందరు పట్టణమైనా, దివిసీమలో చివరి పల్లె అయినా ఆ నిలవ నీళ్ల మీదే బతకాలి. బందరుకి తరకటూరు చెరువు ఉన్నది అందుకే. సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ బోరు వేస్తే ఉప్పునీళ్లే పడతాయి కాబట్టి చెరువు తప్ప దిక్కులేని ఊళ్లు ఎన్నో. అలాంటి చెరువు గట్టు మీద స్నానాల గదితో సహా ఒక విడిది కట్టుకోవడాన్ని ప్రకృతి ప్రేమ అనాలంటే గుండె ధైర్యం కావాలి.

పోనీ, చేపల చెరువు గట్టు మీద కట్టుకుంటే ఎవరికి నష్టం అంటారా? నందివాడ, ముదినేపల్లి వైపు వెళ్లి చూడండి. ఆ నీళ్ల మీద తెల్లవారుజామున మంచు పట్టినప్పుడు తీసిన ఫోటో ఎవరికైనా ఆశ పుట్టిస్తుంది. కానీ ఆ చెరువు ఒక కార్ఖానా. సంచుల్లో తవుడు కట్టి కర్రలకి వేలాడదీస్తారు. చేప ఎదిగాక పట్టుబడికి నీళ్లు తోడేస్తారు. అప్పుడు అద్దంలోంచి కనబడేది సరస్సు కాదు, మోకాలి లోతు బురద, దాని మీద వాలే కొంగలు, దాంతోపాటు వాసన. రొయ్యల చెరువైతే ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతాయి. ప్రశాంతత కోసం వచ్చినవాడికి మోటార్ల హోరు తప్పదు. గట్టు సంగతి ఇంకా ముఖ్యం. అది చెరువు తవ్వినప్పుడు పక్కకి ఎత్తిపోసిన మట్టి. నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది, నీటిమట్టం దించగానే లోపలి వాలు జారుతుంది. అందులో పాతిన గుంజ ఏడాది తిరిగేసరికి ఏటవాలుగా నిలబడితే తప్పు వడ్రంగిది కాదు. పైగా 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడని ముంచాక ఆ నీళ్లు దిగువకి వచ్చి నందివాడ మండలం ఊళ్లనీ చుట్టుముట్టాయి. గట్టేదో చెరువేదో తెలియని ఆ రోజులు ఇంకా ఎవరూ మరిచిపోలేదు.

ఇక మిగిలింది కొల్లేరు. గుడివాడ దాటి కైకలూరు వైపు వెళితే నిజమైన సరస్సు అనదగ్గది అదొక్కటే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిపోసే వరదని తనలో దాచుకుని ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి వదలడం దాని పని. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఆ పల్లం లేకపోతే ఆ వరద ఊళ్ల మీద పడుతుంది. 1999లో అయిదో కాంటూరు దాకా, అంటే 308 చదరపు కిలోమీటర్ల మేర, వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో అక్రమ చెరువుల గట్లు యంత్రాలతో తెంచారు. అన్నం పెట్టే చేపల చెరువులనే అక్కడ చట్టం ఒప్పుకోనప్పుడు, ఆటపాక గూడబాతుల్ని కిటికీలోంచి చూడాలన్న ముచ్చటకి ఏ మొహం పెట్టుకుని అనుమతి అడుగుతాం?

చట్టంలో ఒక సందు ఉంది. క్యాబిన్ వ్యాపారం దూరుతున్నది ఆ సందులోంచే. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు, గత పదేళ్ల సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపు శాశ్వత కట్టడాలు వద్దంటాయి. కానీ తాగునీటి కోసం, సాగు కోసం, చేపల కోసం మనుషులు తవ్వుకున్న చెరువులని ఆ నిబంధనల పరిధిలోంచే తప్పించాయి. సముద్రం వైపు తీర నియంత్రణ నిబంధనలున్నాయి. పల్లెల తీరంలో సాధారణంగా పోటు రేఖ నుంచి 200 మీటర్ల దాకా కట్టడాలకి తావు లేదు. కొల్లేటిలో అటవీ శాఖ ఉంది. మధ్యలో మిగిలిన మంచినీళ్ల చెరువుకీ, చేపల చెరువుకీ కాపలా ఎవరు? పంచాయతీ, నీటిపారుదల శాఖ కళ్లు తెరుచుకుని ఉంటే వాళ్లు. లేకపోతే ఎవరూ లేరు. చట్టం అడ్డుకోలేదు కాబట్టి పర్యావరణానికి మంచిదే అనుకోవడం ఈ వాదంలో మొదటి మోసం.

అసలు ఈ బొమ్మ ఎక్కడిది? ఫిన్లాండు, నార్వే, కెనడా సరస్సులది. అక్కడ కర్ర చేసే పని చలిని ఆపడం. ఏడాదిలో చాలా నెలలు గడ్డకట్టే చలి కాబట్టి బూజూ పురుగూ నెమ్మదిస్తాయి. చుట్టూ అడవి, పక్కనే కోత మిల్లు, కర్ర పని తరతరాలుగా తెలిసిన మనుషులు. అంత అడవీ అన్ని సరస్సులూ ఉన్న ఫిన్లాండులో కూడా ఒడ్డున కట్టాలంటే ముందు ఒడ్డు వాడకానికి ఒక ప్రణాళిక ఉండి తీరాలని చట్టం చెబుతుంది. మనవాళ్లు బొమ్మ తెచ్చుకున్నారు. దాని వెనకున్న అడవినీ, చలినీ, చట్టాన్నీ అక్కడే వదిలేశారు.

ఇక్కడి వాతావరణంలో ఆ పైన్ చెక్క ఏమవుతుందో చూడండి. గాలిలో తేమ 80 శాతం దగ్గర ఉండే రోజుల్లో బాగా ఎండబెట్టిన కర్ర కూడా 16 శాతం దాకా తేమ పీల్చుకుంటుంది. 20 శాతం దాటితే బూజు పని మొదలుపెడుతుంది. ఆ మిగిలిన నాలుగు శాతాన్ని ఒక్క వాన జల్లు, నేలనుంచి ఎక్కే చెమ్మ, చెరువు మీదనుంచి వచ్చే తుంపర నింపేస్తాయి. దెహ్రాదూన్‌లోని అటవీ పరిశోధన సంస్థ వాళ్లు వేర్వేరు జాతుల కర్రముక్కల్ని నేలలో పాతి, ఎన్నేళ్లు నిలుస్తాయో చూసి మూడు తరగతులు చేశారు. పదేళ్లు దాటి నిలిచేవి మొదటి తరగతి, అయిదు నుంచి పదేళ్లవి రెండో తరగతి, అయిదేళ్లు కూడా నిలవనివి మూడో తరగతి. టేకు చేవ మొదటి తరగతిలో ఉంది. మందు పెట్టని చీర్ పైన్ మూడో తరగతిలో ఉంది. ఓడల్లో దిగే విదేశీ పైన్ మందు పెట్టకుండా మన నేలలో ఇంతకంటే నిలుస్తుందని ఆశ పెట్టుకోనక్కర్లేదు.

చూడాల్సింది గుంజ మొదలు. గోడ మీద వార్నిష్ మెరుస్తూనే ఉంటుంది. గుంజ నేలలోకి దిగే చోట, పైన జానెడు, కింద జానెడు మేర, కర్ర రంగు మారి ఉంటుంది. అక్కడ ఉలి మొన ఆనిస్తే పైపొర పలచటి అట్టలా లోపలికి పోతుంది. లోపల పొడుగ్గా, గోధుమరంగు మట్టి పూసిన సన్నటి దారులు. చెద తన పని తాను చేసుకుపోతుంటుంది. నేల లోతున ఉన్న కర్రకి గాలి అందక కొంత నయం. పైన ఉన్న కర్ర ఆరుతుంది కాబట్టి నయం. గాలీ చెమ్మా రెండూ దొరికే ఆ జానెడు జాగాలోనే గుంజ చస్తుంది. ఇది ఏ వడ్రంగిని అడిగినా చెప్పే విషయం. మన పాత మండువా లోగిళ్లలో టేకు స్తంభాన్ని నేలలో పాతకుండా రాతి పీట మీద నిలబెట్టింది అందుకే. ఏటి ముఖంలో, పోటు నీళ్లు ఎక్కే పాయల్లో గుంజ దింపితే ఇంకో శత్రువు తయారు: పడవల అడుగుని తొలిచే నత్తజాతి పురుగు. మడ అడవుల పక్కన పడవ కట్టుకునే కర్ర ఎన్నాళ్లకి జల్లెడ అవుతుందో నాగాయలంక, సొర్లగొంది బెస్తలని అడిగితే తెలుస్తుంది.

మందు పెట్టిస్తాం అంటారు. ఏ మందు? రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపి ఒత్తిడితో కర్రలోకి ఎక్కించేది పేరున్న పద్ధతి. పని చేస్తుంది కూడా. ఆర్సెనిక్ భయంతోనే అమెరికా, యూరప్ దేశాలు 2004 నాటికి ఇళ్ల వాడకంలో దాన్ని పక్కనబెట్టాయి. మన చెరువు గట్టు మీద ఆ కర్రని కోసినప్పుడు రాలే పొట్టు నీళ్లలో పడుతుంది. మిగిలిన ముక్కలు కాపలాదారు పొయ్యిలోకి పోతాయి. వేరే మందులున్నాయి, ఖరీదెక్కువ. ఏ మందు వాడారో అమ్మేవాడిని కాగితం మీద రాసిమ్మని అడిగి చూడండి.

కర్బనం లెక్క కూడా చెబుతారు. నిజమే, చెట్టు గాలిలోంచి బొగ్గుపులుసు వాయువుని తీసుకుని కర్రగా దాచుకుంటుంది. ఘనమీటరు మెత్తకర్ర 500 కిలోలు తూగితే అందులో సగం కర్బనం. వాయువు లెక్కలో 900 కిలోల పైమాట. కానీ ఆ దాపరికం కర్ర నిలిచి ఉన్నంత కాలమే. ఆరేళ్లకి పుచ్చిపోయి, తీసి తగలబెడితే ఆ వాయువంతా మళ్లీ గాలిలోకే పోతుంది. దాంతోపాటు సముద్రాలు దాటించిన ఓడ, లారీ, మందు, ఇంకోసారి తెప్పించే కర్ర ఖర్చు అదనం. పడమటి ఎండ పడే నిలువెత్తు అద్దం వెనక రోహిణి కార్తెలో కూర్చోవాలంటే ఏసీ ఆగకూడదు. కప్పు మీద సోలార్ పలకలు తయారుచేసేదంతా ఆ అద్దం తెచ్చిన వేడిని తోడడానికే సరిపోతే మిగిలిన పుణ్యం ఎంత?

ఇప్పుడు గాలి. ఈ నేల మీద ఇల్లు గురించి మాట్లాడేవాడు గాలి గురించి మాట్లాడకపోతే ఆ మాటకి విలువ లేదు. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద విరుచుకుపడిన ఉప్పెనలో సుమారు 30 వేలమంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ. అధికారిక లెక్కలోనే పదివేల దాకా ప్రాణాలు. నీళ్లు అయిదు మీటర్ల ఎత్తున వచ్చి మైళ్ల కొద్దీ లోపలికి తోసుకుపోయాయి. 1990 మే నెలలో మళ్లీ కృష్ణ ముఖద్వారం దగ్గరే తుపాను తీరం దాటింది. 2013 నవంబరులో హెలెన్ తుపాను బందరు దగ్గర దాటింది. గుంజల మీద మూడడుగులు లేపాం కదా అని ధీమాగా చెప్పే క్యాబిన్‌కి ఈ చరిత్ర చదివి వినిపించాలి.

లెక్కగా చూసినా అంతే. భారతీయ ప్రమాణాల ప్రకారం మన తీరంలో ఇంటికి లెక్కగట్టాల్సిన మూల గాలివేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకి దాదాపు 150 కిలోలు. ఆరు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు కప్పు తీసుకుంటే, పైకి లాగే బలం నాలుగున్నర టన్నుల స్థాయిలో ఉంటుంది. చూరు అంచుల దగ్గర ఇంకా ఎక్కువ. చెక్క వాసాలు, రేకు, లోపలి పలకలు అన్నీ కలిపినా ఆ కప్పు బరువు టన్నున్నర దాటదు. మిగిలిన మూడు టన్నులని ఏది పట్టి ఉంచుతుంది? మేకులా? బొమ్మలో అందంగా కనబడే నాలుగడుగుల చూరు, ఏటవాలు లేని పలకలాంటి కప్పు, నీళ్ల వైపు తెరుచుకున్న వరండా, ఈ మూడూ గాలికి పట్టు దొరికే చోట్లే. నీటి ఒడ్డున అడ్డుగా చెట్టూ పుట్టా ఉండవు కాబట్టి గాలి జోరు తగ్గేదీ ఉండదు. ఎగిరిన రేకు ఎక్కడికి పోతుంది? పక్కూరి మనిషి మీదికి.

ఇక్కడ అందరూ వాడే అస్త్రం ఒకటుంది: మన పెద్దలు కర్రతో, తాటాకుతో కట్టుకోలేదా? కట్టుకున్నారు. ఎలా కట్టుకున్నారో చూడకుండా వాళ్ల పేరు వాడుకోవడం అన్యాయం. కొల్లేటి లంకల్లో ఊళ్లు మెరక దిబ్బల మీద వెలిశాయి; నీళ్లలో తిరగడానికి తాటి దోనె, పడుకోవడానికి దిబ్బ. వాసానికి ముసలి తాటి చెట్టు కొట్టి, మెత్తటి లోపలి దూట తీసేసి, నల్లటి బయటి చేవని మాత్రమే వాడారు. ఉత్తరాంధ్ర తీరంలో ఇంకా అక్కడక్కడ మిగిలిన చుట్టిల్లు గాలికి మూల చూపించదు. దాని చూరు నడుము ఎత్తుకి దిగి ఉంటుంది. తాటాకు రెండు మూడేళ్లకొకసారి మార్చారు. మార్చడానికి ఆకు చేలగట్ల మీదే ఉంది, నేయడానికి చేతులు ఇంట్లోనే ఉన్నాయి. డబ్బున్నవాడు బర్మా టేకు తెప్పించుకుని కూడా దాన్ని పెంకు కప్పు కింద, మండువా నీడలో దాచుకున్నాడు, ఎండావానల్లో నిలబెట్టలేదు. ఆ తెలివిలో ఒక్కటి కూడా ఈ క్యాబిన్‌లో లేదు. వాళ్ల దగ్గర తీసుకున్నది కర్ర అన్న పేరొక్కటే.

ఇంకో మాట కూడా చెప్పాలి, చేదుగా ఉన్నా. 1977లో కొట్టుకుపోయినవాళ్లలో ఎక్కువమంది పూరిపాకల్లో ఉన్నవాళ్లు. నిట్టాడిని కావిలించుకున్నవాడికి నిట్టాడే దక్కలేదు. ఆ తర్వాత దివిసీమ పేదలు ప్రభుత్వాలని అడిగిందీ, పోరాడి తెచ్చుకుందీ పైన శ్లాబు ఉన్న ఒక గది. కోడూరు, నాగాయలంక పల్లెల్లో తుపాను షెల్టర్లు లేచాయి. వాళ్లకి శ్లాబు అంటే డాబు కాదు, ఉప్పెన రాత్రి పిల్లల్ని ఎక్కించడానికి ఒక ఎత్తు. ఇవాళ సెలవు రోజుల్లో వచ్చిపోయేవాడు, తుపాను హెచ్చరిక రాగానే కారెక్కి వెళ్లిపోగలిగినవాడు, ఆ శ్లాబుని చూసి సిమెంటు అడవి అని ముక్కు విరుస్తాడు. అతనికి చెక్క ఒక రుచి. ఊళ్లో ఉండేవాడికి అది తాతల నాటి ప్రమాదం. ఈ తేడా గుర్తించని పర్యావరణ ప్రేమ నాకు అక్కర్లేదు.

తేలికైన కట్టడం, ఎప్పుడంటే అప్పుడు విప్పి తీసుకుపోవచ్చు, నేలకి గాయం కాదు అన్నది మరో వాదం. తేలిక నిజమే, మెత్తటి ఒండ్రు నేలలో బరువు తక్కువుంటే పునాదికి మంచిదే, ఒప్పుకుంటాను. విప్పడం మాత్రం కాగితం మీద మాట. క్యాబిన్ ఒంటరిగా రాదు. దాంతోపాటు కారు వచ్చే కంకర బాట, కరెంటు స్తంభం, జనరేటరు దిమ్మె, నీళ్ల ట్యాంకు, వంటగది, ప్రహరీ, మరుగుదొడ్డి గుంట వస్తాయి. ఇవేవీ విప్పి తీసుకుపోయేవి కావు. చెక్క గది ఒక్కటీ తాత్కాలికం అని చూపించి మిగతావన్నీ శాశ్వతంగా పాతేయడమే జరిగేది.

ఆ మరుగుదొడ్డి గుంట గురించి బొమ్మలు గీసేవాళ్లు ఎప్పుడూ మాట్లాడరు. వానాకాలంలో డెల్టాలో గునపంతో నాలుగు పోట్లు పొడిస్తే నీళ్లు ఊరుతాయి. మామూలు సెప్టిక్ ట్యాంకూ, ఇంకుడు గుంతా పనిచేయాలంటే గుంత అడుగుకీ నేలనీటికీ మధ్య పొడి మట్టి ఉండాలి. మలినాన్ని వడగట్టేది ఆ మట్టే. గట్టు మీద ఆ మట్టి మందం ఎంత? లోపలివైపు చెరువు నీళ్లు, బయటివైపు బోదె. గుంతలో పడినది రెండింటిలో ఒకదాంట్లో తేలుతుంది. కిటికీలోంచి చూసి మురిసిపోతున్న నీళ్లలోకే తన మురుగు పోతుంటే, ఆ గోడ పైన్ అయితే ఏమిటి, చందనమైతే ఏమిటి?

పర్యాటకం వస్తుంది, ఊరివాళ్లకి ఉపాధి దొరుకుతుంది అంటారు. రావాలి, దొరకాలి. హంసలదీవి సాగర సంగమం చూడటానికి, మడ అడవుల్లో పడవ మీద తిరగడానికి, పెడన కలంకారీ కొనుక్కోవడానికి జనం రావడంలో తప్పేముంది? పడవ నడిపేవాడు, వంట చేసేవాడు, ఊళ్లో గది అద్దెకిచ్చేవాడు బాగుపడాలి. కానీ చెక్కలు గుజరాత్ గోదాముల నుంచి వచ్చి, బిగించేవాళ్లు ఇంకెక్కడినుంచో వచ్చి, పాడైతే మళ్లీ వాళ్లే రావాల్సిన క్యాబిన్‌లో ఊరికి దక్కేది కాపలా ఉద్యోగం ఒక్కటే. నీళ్ల మీద ఆశతో ఒడ్డుని మింగిన పర్యాటకం చివరికి ఏమవుతుందో కేరళ చూపించింది. వేంబనాడు సరస్సు దీవిలో కట్టిన కాపికో రిసార్టుని తీర నియమాలకి విరుద్ధమని 2020 జనవరిలో సుప్రీంకోర్టు కూల్చమంది. 2022లో మొదలుపెట్టి 54 విల్లాలు పడగొట్టారు. పెట్టుబడి పోయింది, ఉద్యోగాలు పోయాయి, శిథిలాలు ఎత్తడం మిగిలింది.

అయితే సిమెంటే గతా అని అడగవచ్చు. సిమెంటా చెక్కా అన్న బేరమే తప్పుడు బేరం. తడి ఉన్నచోట ఇటుక, కాంక్రీటు; పొడి ఉన్నచోట కర్ర. ఇంత చిన్న విషయం పాత మేస్త్రీలకి తెలుసు. నిజంగా కర్ర ఇల్లు కావాలనుకునేవాడికి ఈ నేల ఒప్పుకునే దారి ఉంది. ఒడ్డుని ఒడ్డుకే వదిలేసి, ఊరి పక్కన మెరక చూసుకోవాలి. నీళ్ల దాకా కాలిబాట చాలు. 1977లో నీళ్లు ఎంతదాకా వచ్చాయో, మొన్నటి వరద ఎంత ఎక్కిందో ఊళ్లో పెద్దల్ని అడిగి, ఆ గీతకి పైన అరుగు కట్టాలి. అరుగు మీద కాంక్రీటు పీటలు, వాటి మీద ఇనప జోడుల్లో కర్ర స్తంభాలు. స్తంభం మొదలు కింద గాలి ఆడాలి, వంగి చూస్తే మొదలు కనబడాలి. కప్పు నాలుగు వాలులది, సుమారు 30 డిగ్రీల వాలుతో. వాసం నుంచి దూలానికి, దూలం నుంచి స్తంభానికి, స్తంభం నుంచి పునాదికి ఎక్కడా తెగకుండా ఇనప పట్టీలు. వరండా కప్పు అసలు కప్పుతో కలపకుండా వేరుగా. పోతే అది పోవాలి, ఇల్లు నిలవాలి. అద్దానికి బదులు చెక్క తలుపుల కిటికీలు, సాయంత్రం పైరగాలి వచ్చే వైపు.

కర్ర ఎక్కడిది? బందరులో, గుడివాడలో, చల్లపల్లిలో పాత పెంకుటిళ్లు పడగొడుతూనే ఉన్నారు. వందేళ్లు ఆరిన టేకు దూలాలు, ద్వారబంధాలు అడితిల్లో పడి ఉంటాయి. ఒక్క చెట్టు కొట్టకుండా, ఒక్క ఓడ ఎక్కించకుండా దొరికే కర్ర అది. లోపలి వాసాలకి తాటి చేవ, వేప, తుమ్మ ఉన్నాయి. తీరం పొడవునా పెరిగే సరుగుడు నేలకి తగలకుండా, వానకి తడవకుండా వాడితే పనికొస్తుంది. వీటిని కోసే మిల్లు, చెక్కే వడ్రంగి, పుచ్చిన ముక్క తీసి అతుకు వేసే చెయ్యి మండల కేంద్రం దాటి వెతకనక్కర్లేదు. మురుగుకి అరుగు ఎత్తులోనే, నీటికి దూరంగా, మెరక మట్టిలో వడపోత. ఇంత చేసినా నవంబరులో తుపాను హెచ్చరిక వస్తే ఆ ఇంట్లో ఎవరూ పడుకోకూడదు; నడిచి వెళ్లే దూరంలో శ్లాబు ఉన్న కట్టడం ఉండాలి. ఇలాంటి ఇల్లు బొమ్మలో అంత గొప్పగా కనబడదు. నీళ్ల మీద నీడ పడదు. కానీ పాతికేళ్ల తర్వాత అక్కడే ఉంటుంది.

కాబట్టి పంచాయతీలకి, అనుమతులిచ్చే అధికారులకి నేను చెప్పేది ఒక్కటే. ఇకనుంచి ఎవరైనా పర్యావరణ హితమైన చెక్క క్యాబిన్ అంటూ ఒడ్డున ఇల్లు కడతామని కాగితం తెస్తే, గోడ దేంతోనో అడగొద్దు. ఆ చెరువు నీళ్లు ఎవరు తాగుతారో అడగండి. అరుగు ఎత్తు ఎంతో, మురుగు ఎటు పోతుందో, కప్పుని పునాదికి కట్టిన పట్టీలు ఎక్కడున్నాయో, ఏ మందు పెట్టిన కర్రో, పుచ్చితే బాగుచేసే వడ్రంగి ఎవరో కాగితం మీద రాయించుకోండి. జవాబులన్నీ ఉంటే అది ఒడ్డు విడిచి మెరక మీదికి ఎలాగూ జరిగిపోతుంది. లేకపోతే పచ్చరంగు పూసిన కబ్జా అని తెలుసుకుని కాగితం తిప్పి పంపండి.